బోరబండలో ఆగిన కారు

2023లో, వానలు మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. మాదాపూర్‌లో మెట్రో స్తంభాల వెనక సందులో, ఒక టిఫిన్ సెంటర్ పైన నా ఆఫీసు. ఆఫీసంటే రెండు టేబుళ్లు, ఒక ప్రింటర్, కింద నుంచి పొద్దస్తమానం వచ్చే దోసెల వాసన. నేను మోటార్ ఇన్సూరెన్స్ ఏజెంటును. మా పుట్టిల్లు సిద్దిపేట దగ్గర, కానీ ఈ పనిలో పడ్డాక హైటెక్ సిటీ చుట్టుపక్కల రోడ్ల మీద గుంతలన్నీ నాకు చుట్టాలే. మమ్మల్ని జనం రెండు సందర్భాల్లోనే తలుచుకుంటారు, కారు కొన్నప్పుడు ఒకసారి, గుద్దినప్పుడు ఒకసారి. వసుంధర గారు మాత్రం ఆ రెండూ కాని పని మీద నా దగ్గరికి వచ్చారు. అందుకే ఇన్నేళ్లలో వందల పాలసీలు మరిచిపోయినా ఆమెది మరిచిపోలేదు.

ఆ ఏడాది టెలీమాటిక్స్ పాలసీలు జోరుగా అమ్ముతున్నాం. టెలీమాటిక్స్ అంటే కారు నడిపే తీరును కొలిచి పంపే ఏర్పాటు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు అని ఒక సాకెట్ ఉంటుంది, మెకానిక్‌లు తమ మిషన్ తగిలించి కారు జబ్బు కనిపెట్టేది అందులోనే. అక్కడ అగ్గిపెట్టెంత పరికరం గుచ్చితే చాలు. ఎంత వేగంగా వెళ్లారు, ఎక్కడ బ్రేకు గట్టిగా తొక్కారు, ఎక్కడ ఆగారు, అన్నీ ఫోన్‌లోని యాప్‌కూ కంపెనీకీ చేరతాయి. నెమ్మదిగా నడిపితే స్కోరు పెరుగుతుంది, పాలసీ రెన్యూవల్‌లో డిస్కౌంట్ వస్తుంది. ఈ ఐటీ వీధుల్లో స్కోరు అంటే జనం పడి చస్తారు. స్కూల్లో ర్యాంకులు, ఆఫీసులో రేటింగులు సరిపోక కారుకు కూడా మార్కులు వేయించుకుంటారు.

వసుంధర గారిది కాకినాడ వైపు. నిజాంపేటలో కాపురం, కోకాపేటలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, తన జీతం మీద లోన్ పెట్టి, తన పేరు మీద కారు కొనుక్కున్న మనిషి. భర్త ప్రసాదరావు గారు ప్రభుత్వ ఉద్యోగి. కారు ఆమెది, పాలసీ ఆమెది. యాప్ మాత్రం ఆయన ఫోన్‌లో ఉంది.

ఎందుకంటే, షోరూమ్‌లో నేను పాలసీ రాస్తూ "ఫోన్ నంబర్ చెప్పండి మేడం" అనగానే ఆమె నోటికి వచ్చింది భర్త నంబర్. మన ఇళ్లలో ఇది ఎవరికీ వింత కాదు. గ్యాస్ బుకింగ్‌కు ఆ నంబరే, కరెంటు బిల్లుకు ఆ నంబరే, పిల్లల స్కూల్లో ఆ నంబరే. ఇంటి నంబర్ అంటే ఇంటాయన నంబర్. చాలామంది ఆడవాళ్లకు సొంత నంబర్ నోటికి రాదు కూడా. ఆ నంబర్ మీదే యాప్ తెరుచుకుంది, ఆ నంబర్‌కే ఓటీపీ వెళ్లింది, ఆ ఫోన్‌లోనే భార్య కారు రోజంతా చుక్కలా కదులుతూ కనిపించడం మొదలైంది.

ఒకరోజు మధ్యాహ్నం ప్రసాదరావు గారు ఒక్కరే గొడుగు దులుపుకుంటూ వచ్చారు.

"మేడం, మా ఆవిడకి మీరో మాట చెప్పాలండి" అంటూ ఫోన్ నా ముందు పెట్టారు. స్కోరు గీత దిగజారి ఉంది. దాని మీద ఎర్ర గుర్తులు. "ఇవన్నీ హార్ష్ బ్రేకింగ్ అటండి."

హార్ష్ బ్రేకింగ్ అంటే ఉన్నట్టుండి బ్రేకు గట్టిగా తొక్కడం. ముందున్న బండికి మరీ దగ్గరగా, వేగంగా పోయేవాళ్లకే ఆ అవసరం ఎక్కువ పడుతుంది.

"డిస్కౌంట్ పోతే పోయింది. ఎక్కడో గుద్దేస్తుందని నా భయం. కారు ఇంట్లో పెట్టేసి ఆఫీస్ బస్సులో వెళ్లమంటున్నా, వినట్లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు మీరు చెబితే వింటుందండి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంకోటండి. గురువారం వస్తే చాలు, సాయంత్రం కారు బోరబండ రైల్వే స్టేషన్ దగ్గర గంటసేపు ఆగుతోంది. బోరబండలో మాకెవరూ లేరు."

మనిషి చెడ్డవాడు కాదు. అనుమానం కన్నా బెంగ ఎక్కువ కనిపించింది ఆ ముఖంలో. కానీ చుక్కను చూసీ చూసీ, ఆ చుక్కలో ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి ఆయన మరిచిపోయినట్టు అనిపించింది నాకు.

"పాలసీ మేడం పేరు మీద ఉంది సార్. ఆమె లేకుంట నేనేం చెప్పలేను. ఇద్దరు కలిసి రండ్రి, కూసొని మాట్లాడుకుందాం" అన్నాను.

ఫోన్ తిరిగి ఇచ్చేలోపు నా కంటికి ఒకటి తగిలింది. ఎర్ర గుర్తులు దాదాపు అన్నీ ఆదివారాల మీదే ఉన్నాయి. ఆయన ఎరుపు చూశారు, వారం చూడలేదు. ఆదివారం ఆఫీసు ఉండదు కదా అని నా బుర్రలో పురుగు దొలవడం మొదలైంది.

మర్నాడు వసుంధర గారికి ఫోన్ చేసి, సార్ వచ్చి వెళ్లిన సంగతి చెప్పాను. సాయంత్రం ఆఫీసు నుంచి ఇటుగా వచ్చి, "మీరు కేపీహెచ్‌బీలోనే కదండీ, దింపుతాను, దారిలో మాట్లాడుకుందాం" అని కారు ఎక్కించుకున్నారు.

వానలో, ఆఫీసులు వదిలే వేళ, ఆ రోడ్డు మీద కారు నడపడం అంటే మాటలు కాదు. సంచి వేలాడేసుకున్న డెలివరీ బైకులు ఎదురు వస్తాయి, ఆటో చెయ్యి చూపించకుండా మలుపు తీసుకుంటుంది, సిటీ బస్సు తన దారి కాని దారిలో సగం దూరుతుంది. నేను కుడికాలు కారు అడుక్కు నొక్కిపెట్టి కూర్చున్నాను. ఆమె కాలు మాత్రం బ్రేకు మీద ఎప్పుడు పడిందో తెలియనే లేదు. ఆటో అడ్డం తిరిగే ముందే ఆమె నెమ్మదించి ఉన్నారు. బస్సుకు దారి వదిలి, "పోనివ్వండి పాపం, అంత బండి, ఎక్కడ తిప్పుకుంటాడు" అన్నారు. ఎన్నో ఏళ్లుగా గుద్దుకున్న కార్లు చూస్తున్న నాకు, గుద్దుకోకుండా నడపడం ఎలా ఉంటుందో ఆ రోజు కనిపించింది. నిజంగా ముచ్చటేసింది.

సిగ్నల్ దగ్గర ఆగగానే ఆమె ఫోన్ మోగింది. తీయలేదు.

"ఆయనే. ఇక్కడెందుకు ఆగానని" అన్నారు. "సిగ్నల్ పడిందని యాప్ చెప్పదు కదండీ. గురువారాలైతే వరసగా ఫోన్లే. ఎక్కడున్నావ్ అని అడుగుతారు. ఎక్కడున్నానో చూస్తూనే అడుగుతారు."

నేను ఆగలేకపోయాను. "ఐతారం కారు ఎవరు నడుపుతరు అమ్మా?"

ఆమె నవ్వారు. "మీరూ చూశారా? ఆదివారాలు ఆయనేనండి. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే ఆయన కాలు ఆగదు. పక్కన కూర్చుని నేను దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటాను."

"మరి గా ఎర్ర గుర్తులు సార్‌వే అని చెప్పరేంది? ముల్లును ముల్లుతోనే తియ్యాలె. ఆ ఫోన్ చూపెట్టి ఆయన నోరు మూయించొచ్చు గద."

పచ్చలైటు పడింది. ముందున్న బైకు కదిలేదాకా ఆగి, కారు కదిలించాక చెప్పారు.

"అదే నేను చేయదల్చుకోలేదండి. ఆయనెలా నడిపారో ఆ పెట్టెలో చూసి నేను దెప్పానంటే, నేనెక్కడ ఆగానో ఆయన చూడటం కూడా సబబేనని ఒప్పుకున్నట్టే కదా. ఈ రోజు నేను గెలుస్తాను. రేపటి నుంచి ఇద్దరం ఒకళ్ల ఫోన్లో ఒకళ్లం బతకాలి."

నేనైతే ఆ పరికరం తీసి మా ఆయన టీ కప్పులో వేసేదాన్ని. చేతిలో తిరుగులేని సాక్ష్యం ఉండి, కారు తాళాలు పోయే పరిస్థితి వచ్చి కూడా, దాన్ని వాడనని కూర్చున్న మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. దిగేటప్పుడు ఆమె ఒక్కటే అడిగారు. "నేనెక్కడ ఆగానో మీ కంపెనీకి కూడా తెలుస్తుందాండీ?"

అన్నేళ్లుగా అమ్ముతున్నాను, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అందరూ డిస్కౌంట్ ఎంత అనే అడిగారు. మర్నాడు కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేసి కనుక్కున్నాను. దారి చూపించే మ్యాప్‌ను ఆపేసుకునే వీలు ఉంది, అప్పుడు వేగమూ బ్రేకూ మాత్రమే లెక్కకు వస్తాయి, డిస్కౌంట్ మాత్రం కొంత తగ్గుతుంది అన్నారు.

శనివారం ఇద్దరూ వచ్చారు. కింద నుంచి టీ తెప్పించాను. ప్రసాదరావు గారు స్కోరు తీసి నా ముందు పెట్టి, "చెప్పండి మేడం, ఇలా నడిపేవాళ్ల చేతికి కారు ఇవ్వొచ్చా?" అన్నారు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. వసుంధర గారు నా వైపు చూసి తల కొంచెం అడ్డంగా ఊపారు. టీతో పాటు ఆ మాట కూడా మింగేశాను. అది మింగడం ఎంత కష్టమో నాకే తెలుసు.

నేను ఏమీ అనకపోయేసరికి ఆయనే మళ్లీ అందుకున్నారు. "సరే, స్కోరు సంగతి వదిలెయ్. గురువారం గురువారం బోరబండలో ఏం పని నీకు?"

ఏదో ఒకటి చెప్పేస్తే బాగుండునని నాకే అనిపించింది. ఆమె కప్పు కింద పెట్టారు.

"ఏవండీ, మీరు అడిగుంటే మొదటి గురువారమే చెప్పేదాన్ని. ఫోన్లో చూసేసి ఇప్పుడు అడుగుతున్నారు. చూశాక అడిగేది అడగడం కాదండీ."

ఆయన ముఖం మాడింది. కోపమో సిగ్గో పోల్చుకోలేకపోయాను. ఆమె నా వైపు తిరిగి, "పాలసీలో నా నంబర్ పెట్టండి మేడం. మ్యాప్ ఆపించేయండి. డిస్కౌంట్ తగ్గితే తగ్గనివ్వండి, అంతమాత్రానికి నా దారులు అమ్ముకోలేను" అన్నారు.

"అంటే నా నంబర్ తీయించేస్తావా?" ప్రసాదరావు గారి గొంతులో ఈసారి బాధే వినిపించింది.

"నా కారుకి నా నంబర్ పెట్టిస్తున్నానండీ. అంతే."

"మరి నువ్వెలా నడుపుతున్నావో నాకెలా తెలిసేది?"

"పక్క సీట్లో కూర్చుంటే తెలుస్తుంది" అన్నారు ఆమె. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే పిలిచారు.

పాలసీలో ఏ మార్పు చేసినా దాన్ని మేం ఎండార్స్‌మెంట్ అంటాం. కొన్ని నిమిషాల పని. ఓటీపీ ఈసారి ఆమె ఫోన్‌లో మోగింది. అంకెలు ఒక్కొక్కటే చదివి చెబుతుంటే ప్రసాదరావు గారు తన ఫోన్‌ను జేబులో పెట్టుకున్నారు.

వాళ్లు దిగాక కిటికీలోంచి చూశాను. ఆయన అలవాటుకొద్దీ స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి వెళ్లారు. ఆమె చెయ్యి చాపారు. ఒక్క క్షణం ఇద్దరూ వానలో అలాగే నిలబడ్డారు. తర్వాత ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు. ఎవరి సంసారమో అది, అయినా నాకు కళ్లు చెమర్చాయి.

అప్పటి నుంచి నా పనిలో ఒక పద్ధతి మారింది. ఆడవాళ్లు కారుకు పాలసీ తీసుకోవడానికి వస్తే, నంబర్ చెప్పగానే రాసేయను. "ఇది ఎవరి నంబర్ అమ్మా?" అని అడుగుతాను. కొందరు నవ్వి, ఫోన్ తీసి తమ నంబర్ ఏదో వెతుక్కుంటారు. వెతుక్కునేదాకా ఆగుతాను. డిస్కౌంట్ ఎంతో చెప్పే ముందు, దాని కోసం ఏమేం చూపించాలో చెబుతాను. దానివల్ల ఒకటి రెండు పాలసీలు తప్పిపోయినా నాకు ఫికర్ లేదు.

మరుసటి ఏడు రెన్యూవల్‌కు ఇద్దరూ కలిసే వచ్చారు. స్కోరు కళకళలాడుతోంది, ఆదివారాలతో సహా.

"ఆదివారం కూడా తనే నడుపుతోందండి. నేను పక్కన కూర్చుని పల్లీలు తింటున్నా" అన్నారు ప్రసాదరావు గారు. "కొన్నాళ్లు పక్కన కూర్చున్నాక అనుమానం వచ్చింది మేడం, ఈవిడ బ్రేకు తొక్కినట్టే ఉండదు, మరి ఆ ఎర్ర గుర్తులు ఎవరివని. అడిగాను. చెప్పింది." ఆయనే పెద్దగా నవ్వారు.

నాకు నోరు ఊరుకోలేదు. "బోరబండ సంగతి గూడ అడిగిన్రా సార్?"

"అడిగానండి. అదీ చెప్పింది."

నేను టేబుల్ మీదికి వంగాను. ఆయన భార్య వైపు చూసి, నా వైపు చూసి, చేతులు కట్టుకుని వెనక్కి వాలారు.

"మీకు తెలియాలంటే ఆవిడనే అడగండి మేడం" అన్నారు.

వసుంధర గారు ఎదురుగానే ఉన్నారు. అడిగితే చెప్పేవారే. నేను రెన్యూవల్ కాగితం ఆమె ముందుకు జరిపి, "ఫోన్ నంబర్ అదేనా అమ్మా, మీదేనా?" అని మాత్రం అడిగాను.

"నాదేనండి" అన్నారు, కాగితం చూడకుండానే నంబరంతా నోటికి చెప్పి.