బూడిద ఇటుకలు

భూపాలపల్లి శివారులో మా బాపుకు ఇటుక బట్టీ ఉండేది. మట్టి తవ్వి, కట్టెలు పెట్టి కాల్చేవాడు. ఒక ఏడు ఆ పొగకు పక్క తోటలో మామిడి పూతంతా మాడిపోయింది. తోట రైతు వచ్చి మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. తిట్టి ఉంటే బాపు తిరిగి తిట్టేవాడేమో. ఆ ఏడుపుకు తట్టుకోలేక బట్టీ ఆర్పేశాడు.

దాని చోట బూడిద ఇటుకల మిషన్ పెట్టాడు. కరెంటు తయారుచేసే చోట మిగిలిన బొగ్గు బూడిదను లారీల్లో తెప్పించి, సిమెంటు, రాతిపొడి కలిపి అచ్చు వేస్తారు. మట్టి తవ్వక్కరలేదు, చెట్లు కొట్టక్కరలేదు, పొగ రాదు. తోట రైతు తన ప్రహరీకి మా దగ్గరే ఇటుక తీసుకున్నాడు.

అమ్మ ఇటుకలకు నీళ్లు పట్టేది. కూలీలు తక్కువైన రోజు బూడిద గంపలూ తనే ఎత్తేది. ఎండాకాలం గాలికి కుప్ప మీది బూడిద లేచి ఆమె కనురెప్పల మీదా సద్దిగిన్నెలోనూ పడేది. పొగలా కళ్లు మండించదు కాబట్టి ఎవరమూ దాన్ని లెక్కచేయలేదు.

దగ్గు మొదలైనా చలి వల్లనే అనుకున్నాం. నీళ్ల బిందెతో దారి మధ్యలో కూలబడినప్పుడు వరంగల్ దవాఖానకు తీసుకుపోయాం. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని, అది నయమయ్యేది కాదని డాక్టరు చెప్పాడు. ఏం పని చేస్తుందని బాపును అడిగాడు. అమ్మే చెప్పింది.

ఇంటికి రాగానే మిషన్ ఆపేస్తానన్నాడు బాపు. అమ్మ ఒప్పుకోలేదు.

"బంద్ పెట్టి మళ్ల బట్టీ ముట్టిస్తవా? కుప్ప తడుపు, పరదా కప్పు, పనోళ్ల మూతికి బట్ట కట్టు. ఇవన్ని ముందుగాలనే చేసేదుండె."

బాపు అన్నీ చేశాడు. వేడికి మూతి బట్టలు విప్పేసే కూలీల పక్కన నిలబడి మళ్లీ కట్టించేవాడు. పడుకుంటే ఊపిరాడక అమ్మ గోడకు ఆనుకునే నిద్రపోయేది. శివరాత్రి రాకముందే పోయింది.

మొన్న గంపలెత్తే అక్క ఒకామె ఆగకుండా దగ్గుతుంటే, పని మాని దవాఖానకు పొమ్మన్నాడు బాపు.

"పని బంద్ చేస్తె ఇల్లెట్ల గడుస్తదన్నా?" అందామె.

బాపు బిందె అందుకుని కుప్ప మీద ఇంకోసారి నీళ్లు చల్లాడు. ఆమె మూతి బట్ట బిగించుకుని మళ్లీ గంప ఎత్తుకుంది.