రూతమ్మ దాచిన తిట్లు

ఆళ్లగడ్డలో నర్సు రూతమ్మ నోటికి జడవని మనిషి లేడు. గర్భం పోవడానికి నాటుమందు మింగి నెత్తురోడుతూ వచ్చిన ఆడవాళ్లకు మందుకన్నా ముందు తిట్లే పడేవి.

1981లో నంద్యాలలో నర్సులకు శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ ఆమెకు మెత్తగా చెప్పింది: "ముందు నాడి చూడు, సెలైన్ పెట్టు, డాక్టరును పిలువు. తిట్టాలనుంటే ఆమె ఇంటికి పోయేటప్పుడు తిట్టు."

ఆ బేరం రూతమ్మకు నచ్చింది.

ఆ నెలలోనే నాటుమందు మింగి చాగలమర్రి బస్సు దిగిన మీరాబీ, నెత్తురుతో తడిసిన చీరతో ఆసుపత్రి వాకిట్లోనే కూలబడింది. రూతమ్మ పళ్లు బిగబట్టి చెప్పినవన్నీ చేసింది.

నాలుగోనాడు మీరాబీ మూట సర్దుకుని, తిట్లకు సిద్ధపడి నిలబడింది.

"ఏందమ్మా, తిట్టకుండానే పంపిస్తాండావే?"

రూతమ్మ నోరు తెరిచింది గానీ తిట్టు రాలేదు.

"ఈసారి బిడ్డ వద్దనుకుంటే నేరుగా నా కాడికే రా. మళ్లీ నాటుమందు మింగినావో, చాగలమర్రికొచ్చి మీ వీధంతా వినపడేట్లు తిడతా!"