కొట్టి వినే మనిషి

మాది నల్లగొండ. హైదరాబాదు మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరాంటీది గుంటూరు వైపు. ఏ వస్తువు కొన్నా ముందు వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేది. కుండైనా కొబ్బరికాయైనా అంతే.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లోనే ఆవిడ మేడ మీది గదికి పలకరాయి కప్పు మొదలుపెట్టింది. అవి మార్కాపురం రాళ్ళు, మనం అక్షరాలు దిద్దిన పలకల జాతివే. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో ఒక్కో రాయినీ కొట్టి వింటుంటే దుకాణదారు తల పట్టుకున్నాడు.

"ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టే," అని అతనికే చెప్పింది.

ఒక బంద్ రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా చేసి ఇల్లు చేరాను. ఆటోలు లేక కూలీలు రాలేదు. కప్పు మీద మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. మబ్బు కమ్ముకొస్తోంది.

"నినాదాలయ్యాయా? అయితే నిచ్చెనెక్కు," అంది ఆంటీ.

ఆవిడ రాయిని కొట్టి విని నాకిస్తే, నేను మేస్త్రీకి అందించాను. చాన్నాళ్ళుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు అడిగేశాను.

"ఆంటీ, తెలంగాణొస్తే మీరు మీ ఊరికి పోతరా?"

ఆవిడ చేతిలో రాయి ఖంగుమంది.

"వెళ్ళిపోయేదాన్నైతే రేకులు వేయించేదాన్ని కదా అబ్బాయ్! అందుకో."

అందుకున్నాను. ఆవిడ మాత్రం నా వైపే చెవి ఒగ్గి ఉంది.

"నీ గొంతే బొంగురుపోయింది. దిగాక మిరియాల పాలు తాగు. రేపు మళ్ళీ అరవాలిగా!"