మాటలు వినిపించని చానల్

గేటు, లాబీ, లిఫ్టుల కెమెరాలన్నీ ఇంట్లో కూర్చుని చూసే చానల్ ఒకటి మా టవర్లో సొంత ఫ్లాట్లున్న వాళ్ళందరి టీవీలకీ ఇచ్చారు. ఎవరొచ్చారో చూసుకోవడానికని పెట్టిన దాన్ని మా అత్తయ్య సీరియల్ చేసుకుంది. కోకాపేటలో ఇరవయ్యో అంతస్తు నుంచి ఆవిడకి క్రేన్లూ దుమ్మూ తప్ప ఏం కనిపిస్తాయి మరి. ఆ చానల్లో మాటలు వినపడవు కాబట్టి మాటలు తనే చెప్పేది. "చూడమ్మాయ్, ఈవిడ మొగుడి మీద అలిగింది, మొహం కూడా తిప్పట్లేదు" అనేది. నేను పక్క గదిలో ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి నవ్వుకునేదాన్ని. కాల్ అయ్యాక బయటికొచ్చి తర్వాత ఏమైందని అడిగేదాన్ని కూడా.

ఆ రోజుల్లోనే ఒక శనివారం క్లబ్‌హౌసులో పాత సస్పెన్స్ సినిమా ఒకటి వేశారు. ఒకాయన కిటికీ పక్కన కూర్చుని ఎదురిళ్ళలోకి చూస్తూ ఉంటాడు, చివరికి ఒక హత్య బయటపెడతాడు. ఇంటికొస్తూ మావారు, చూశాడు కాబట్టే కదా హంతకుడు దొరికాడు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. హత్య జరగకపోయి ఉంటే వాణ్ణి ఏమనేవారు, తొంగిచూసే వెధవ అనేవారు కాదా అని లిఫ్టులోనే దెబ్బలాడాను. అత్తయ్య మాత్రం తీర్పు చెప్పేసింది: "పదిమంది కళ్ళు ఉంటేనే ఆడపిల్లకి రక్ష."

ఆవిడ మనసులో ఉన్న ఆడపిల్ల తొమ్మిదో అంతస్తులో ఒంటరిగా కిరాయికి ఉండే అమ్మాయి. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, సాయంత్రం షేర్ ఆటో దిగి నడిచి వచ్చేది. అత్తయ్యకి ఆ పిల్లంటే ప్రాణం. అయితే లిఫ్టు ఎక్కగానే ఆ అమ్మాయి సరిగ్గా కెమెరా కింద మూలకి వెళ్ళి నిలబడేది. మాకు పాపిట తప్ప ఏమీ కనిపించేది కాదు. సిగ్గు కాబోలు అనేది అత్తయ్య. నేనూ అంతే అనుకున్నాను.

ఒక సాయంత్రం అత్తయ్య కిందికి నడకకి వెళ్ళి చాలా సంతోషంగా పైకొచ్చింది. గేటు దగ్గర ఒక అబ్బాయి పలకరించాడట. తొమ్మిదో అంతస్తు అమ్మాయి భర్తట. చిన్న మాటకి అలిగి వచ్చేసిందనీ, ఫోన్ ఎత్తట్లేదనీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆ అమ్మాయి అనుమతి లేనిదే లోపలికి పంపేది లేదని సెక్యూరిటీ వాళ్ళు అన్నారట. దాంతో అత్తయ్య, మా ఇంటికి వచ్చిన చుట్టమేనని చెప్పి, మా ఫ్లాటు నంబరు మీద లోపలికి రప్పించింది. ఆ అమ్మాయి ఏ వేళకి వస్తుందో, ఏ లిఫ్టు ఎక్కుతుందో కూడా అతనికి చెప్పింది. విడిపోయిన కాపురం కలిపితే ఎంత పుణ్యమో నాకు వివరిస్తూనే టీవీ పెట్టింది.

తెర మీద అమ్మాయి లాబీలోకి వచ్చింది. స్తంభం వెనక నుంచి అతను వచ్చి ఆమెతోపాటు లిఫ్టు ఎక్కాడు. ఆమె ఎప్పటిలాగే మూలకి జరిగింది. అతని నోరు కదులుతూనే ఉంది. ఒక చెయ్యి ఆమె తల పక్కన గోడకి ఆనించాడు. అత్తయ్య ఈసారి మాటలు చెప్పలేదు. నాకు కాళ్ళు ఆడలేదంటే అబద్ధం అవుతుంది. ఏమవుతుందో చూడాలనిపించింది. తొమ్మిదో అంతస్తులో ఇద్దరూ దిగారు. వరండాల్లో కెమెరాలు లేవు. తెర మీద ఖాళీ లిఫ్టు మిగిలింది, అప్పుడు లేచాను.

అత్తయ్యని సెక్యూరిటీకి ఫోన్ చెయ్యమని అరిచి మెట్ల మీదుగా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి అతను తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు, ఆమె తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. నన్ను చూసి అతను తగ్గాడు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చాక కూడా నా భార్యేనండి అని మర్యాదగా చెబుతూ కిందికి వెళ్ళాడు. నేను ఆ అమ్మాయి భుజం పట్టుకుని, భయపడకు, మేం చూస్తూనే ఉన్నాం అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను.

"ఎక్కడికెల్లి చూసిన్రు అక్కా?" అంది.

టీవీ సంగతి చెప్పాను. అతన్ని లోపలికి పంపింది మా ఇంటివాళ్ళేనని కూడా చెప్పాల్సి వచ్చింది. మెల్లగా నా చెయ్యి తీసేసింది.

"ఇంట్ల అన్ని అర్రలల్ల కెమెరాలు పెట్టిండు. ఆఫీసుల కూసొని నన్ను చూసేటోడు. గందుకే ఇడిసిపెట్టి వచ్చిన అక్కా. గీడ ఎవరు చూడరనుకున్న."

తలుపు వేసుకుంది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు విన్నాను, తర్వాత ఏదో బరువైన సామాను తలుపుకి అడ్డంగా జరుపుతున్న చప్పుడు. అది అతని కోసమో నా కోసమో అర్థం కాక అక్కడే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారంలోనే ఖాళీ చేసింది. వెళ్ళే రోజు మా టీవీలో ఆ చానలే ఉంది. సూట్‌కేసుతో లిఫ్టు ఎక్కి, ఈసారి మూలకి పోకుండా నడిమధ్యన నిలబడి, తలెత్తి కెమెరాలోకి చూసింది. ఆ మొహాన్ని ఆ తెర మీద అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. అత్తయ్య పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆపెయ్యమ్మా అంది.

రిమోట్ నా చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి గేటు దాటేదాకా నేను ఆపలేదు.