భీమడోలు నుంచి పవర్‌పేట దాకా

నాకు చదరంగంలో మొదలుపెట్టడం మాత్రమే వచ్చు, ముగించడం రాదు. వినయం కోసం అంటున్న మాట కాదిది. నేను మనసుపెట్టి ఆడిన ఆటంతా భీమడోలు స్టేషన్లో మొదలై పవర్‌పేట స్టేషన్లో ఆగిపోయేది.

మా ఇల్లు తాడేపల్లిగూడెం, ఉద్యోగం ఏలూరు. పొద్దున్నే పాసింజర్‌లో కిటికీ పక్క సీటు పట్టుకుని ఫోన్‌లో చదరంగం ఆడుకుంటూ వెళ్లేదాన్ని. ఒకరోజు భీమడోలులో ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, ఫోన్‌లోకి మెడ చాచి చూసి, "ఏవండీ, అది చదరంగమేనాండీ?" అన్నారు. అవునన్నాను. "ఎవరితో ఆడుతున్నారండీ?" అన్నారు. ఎవరితోనూ కాదు, ఫోన్‌తోనే అన్నాను. పాపం అన్నట్టు చూశారు. మర్నాడు అయస్కాంతం పావులున్న మడత బల్ల సంచిలో వేసుకుని వచ్చారు.

ఆయనది కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీదుగా స్కూటర్ మీద భీమడోలు వచ్చి రైలెక్కేవారు. పవర్‌పేట దగ్గరున్న ఒక ఆఫీసులో పని. నేను బాబాయిగారూ అనేదాన్ని. వయసులో అంత పెద్దవారైనా నన్ను 'అమ్మా, మీరు' అనే పిలిచేవారు. ఆయన భీమడోలులో ఎక్కి, పవర్‌పేటలో దిగిపోయేవారు. నేను ఆ తర్వాతి స్టేషన్ ఏలూరు దాకా వెళ్లేదాన్ని. మధ్యలో ఉన్న కాస్త సమయమే మా ఆట. దెందులూరులో వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి మా బండిని పక్క లైన్లో పెడితే బోగీ అంతా విసుక్కునేది. మేమిద్దరం మాత్రం పైకి విసుక్కుంటూ లోపల సంతోషించేవాళ్లం. అలాంటి రోజున కూడా ఆట సగం దాటేది కాదు. పవర్‌పేట ప్లాట్‌ఫాం కనబడగానే ఆయన బల్ల మడిచేసేవారు. మర్నాడు మళ్లీ కొత్త ఆట. పావులెలా ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుతానని ఒకసారి అన్నాను. "నిన్నటి ఆట నిన్నటితోనే సరి అమ్మా" అన్నారు.

అసలు మొదటిరోజే మాకు తగవు వచ్చింది. తెల్లపావులు ఆయనవి. రెండు చేతులతో రెండు బంట్లని పట్టుకుని ఒక్కోదాన్ని ఒక్కో గడి ముందుకు జరిపారు, ఒకే ఎత్తులో. నేను ఆయన చేతిమీద కొట్టినంత పని చేశాను.

"అలా ఆడకూడదండీ. ఒక ఎత్తుకి ఒక్కటే."

"మా ఊళ్లో ఇలాగేనమ్మా. మొదటి ఎత్తుకి రెండు బంట్లు, ఒక్కో గడి. ఒక్కణ్ణే పంపితే వాడికి తోడెవరు?"

ఆయన ఆట పద్ధతే వేరు. కొల్లేరు పొంగి లంక చుట్టూ నీళ్లు నిలిచిన రోజుల్లో, పనుల్లేక అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నారట. బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. నేను కాలేజీలో, పోటీలకి వెళ్లే జట్టులో నేర్చుకున్నాను. గడియారం పెట్టుకుని, పుస్తకం ముందు పెట్టుకుని. నాకు ఆయన ఆట చూస్తే చిరాకు, ఆయనకి నా ఆట చూస్తే జాలి. చివరికి ఆయనే రాజీ చెప్పారు: తెల్లపావులు ఎవరివైతే ఆరోజు పద్ధతి వాళ్లది. రోజు విడిచి రోజు తెల్లపావులు మారతాయి కాబట్టి ఎవరికీ అన్యాయం లేదు.

నా పద్ధతి రోజున నేను ఆడే ఎత్తులు మారేవి కావు. రాజు ముందు బంటు రెండు గళ్లు, తర్వాత గుర్రం, ఆ తర్వాత శకటు. "రోజూ అదే కూరేనామ్మా?" అని నవ్వేవారు. ఆ కూరకే ఆయన రోజూ తికమకపడేవారు. బంటు ఒక్కసారిగా రెండు గళ్లు వచ్చేస్తే ఏం చెయ్యాలో తోచక, చెయ్యి పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తేవారు. ఆలోగా దెందులూరు దాటిపోయేది. నాకు ఆయన్ని అలా చూడడం సరదాగా ఉండేది.

ఆయన రిటైరయ్యే రోజు తెల్లపావులు నావి.

ఆ పొద్దున గూడెంలో రైలెక్కుతూనే నిర్ణయించుకున్నాను. చివరి రోజు కదా, ఆయన పద్ధతే ఆడదాం. పుళ్ల స్టేషన్ దాటినప్పటి నుంచి ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ కూర్చున్నాను. భీమడోలులో ఆయన ఇస్త్రీ చొక్కాతో, ఆఫీసువాళ్లకి పంచడానికి మిఠాయి పొట్లాలతో ఎక్కారు. కూర్చోగానే బల్ల విప్పి, పావులు సర్ది, చేతులు రుద్దుకుని, "కానివ్వండమ్మా, మీ కూర వడ్డించండి" అన్నారు.

నేను రెండు చేతులతో రెండు బంట్లు పట్టుకుని ఒక్కో గడి జరిపాను.

ఆయన ముందుకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత నావైపు చూసి నవ్వారు. "మా ఊరి ఆట ఆడేశారేంటమ్మా ఇవాళ" అన్నారు. నా మంచితనానికి కదిలిపోయారనుకున్నాను. నామీద నాకే ముచ్చటేసింది. ఆయన కూడా రెండు బంట్లు జరిపారు. కానీ ఆ తర్వాత ఆటలో హుషారు లేదు. తరచూ దెందులూరులో పక్క లైన్లో ఆగిపోయే బండి ఆరోజు ఆలస్యం లేకుండా కదిలిపోయింది. పవర్‌పేటలో దిగుతూ తలుపు దగ్గర నిలబడి, "ఓ ఆదివారం మా ఇంటికి రండమ్మా. మీ పద్ధతిలోనే ఆడదాం" అన్నారు. అలాగేనండీ అన్నాను. మర్యాదకి పిలిచారనుకున్నాను, మర్యాదకే ఒప్పుకున్నాను.

వెళదాం వెళదాం అనుకుంటూనే ఉన్నాను. ఆదివారాలు ఇంటిపనుల్లో కొట్టుకుపోయాయి. ఈ వేసవిలో భీమడోలులో ఎక్కే మరొకాయన చెప్పారు, బాబాయిగారు గుండెపోటుతో పోయారని. నేను మళ్లీ ఫోన్ తీసి ఆడుకోబోయాను. చేతకాలేదు.

ఆ ఆదివారం బయలుదేరాను. భీమడోలు నుంచి ఆటోలో చెరువుల మధ్య సన్న రోడ్డు. చెరువుల్లో చేపలకి గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. ఆయన రోజూ ఈ దారిన స్కూటర్ మీద వచ్చేవారా అనిపించింది. అప్పుడే చర్చి నుంచి వచ్చిన ఆయన భార్య తెల్లచీరలో అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేనెవరో చెప్పబోయాను.

"తెలుసండీ. గూడెం అమ్మాయి మీరేగా. నాకు ఆట రాదు గానీ మీ ఎత్తులు మాత్రం వచ్చండీ" అన్నారు.

నాకర్థం కాలేదు. ఆమె లోపలికెళ్లి ఆ మడత బల్ల తెచ్చి, తెల్లపావులు తనవైపు పెట్టుకుని చెప్పారు. రిటైరయ్యే ముందు కొన్నాళ్లు ఆయన పొద్దున్నే కాఫీ తాగుతూ ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి, నా ఎత్తులు ఆమెచేత ఆడించేవారట. ఆఖరి రోజు తెల్లపావులు నావేనని ముందే లెక్కేసుకున్నారట. నా బంటుకి సరైన జవాబు నేర్చుకుని, ఒక్కసారైనా నన్ను తికమకపెట్టి దిగిపోవాలని.

"ఆరోజు ఇంటికొచ్చి, 'ఆ అమ్మాయి నాకోసం మన ఆట ఆడిందే' అన్నారండీ. సంతోషపడ్డారు. కాసేపటికి, 'నేను నేర్చుకున్నది నాతోనే ఉండిపోయింది' అన్నారు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏ జవాబు నేర్చుకున్నారు పిన్నిగారూ అని అడిగాను.

"నేను చూసేదాన్ని కాదండీ. తర్వాతి ఎత్తు మర్చిపోతానేమోనని నా పావులే చూసుకునేదాన్ని."

అంటూనే ఆమె రాజు ముందు బంటుని రెండు గళ్లు తోశారు. అచ్చం నాలాగే. "ఇప్పుడు మీరండీ" అన్నారు. మొదటిసారి ఆ ఎత్తుకి ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి పైకెత్తాను, దించాను. ఏదో ఒక బంటు జరిపాను. నేనేం జరిపానో చూడకుండానే ఆమె గుర్రాన్ని తెచ్చారు. నేను మరోటి జరిపాను. ఆమె శకటుని తెచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇంతవరకేనండీ నాకు వచ్చింది. ఇక్కడికొచ్చేసరికి ఆయన బల్ల మడిచేసేవారు. పవర్‌పేట వచ్చేసిందనేవారు."