తిరగేసిన వాషర్

మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డులో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. అందరికీ ఆయన ముక్కు మేస్త్రి. ముక్కు పెద్దదేమీ కాదు, మామూలు ముక్కే. చేసే పని మాత్రం మామూలుది కాదు. పాత మోటారు సైకిలు ఏదైనా షెడ్డు ముందు ఆగితే, వంగి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అనో, "ఆయిలు కాలుతోంది" అనో చెప్పేసేవాడు. స్పానరు ఆ తర్వాతే చేతికి వచ్చేది.

రిపేరు అయ్యాక ఇంకో చుట్టు. ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి, పెట్రోలు ట్యాప్, పైపు, కార్బురేటర్, సైలెన్సరు దాకా వాసన చూసి, తల ఒకసారి ఊపి "పట్టుకెళ్లండి" అనేవాడు. ఆ తల ఊగేదాకా ఎవరూ తాళంచెవి ముట్టుకునేవారు కాదు. వేరే షెడ్డులో బాగు చేయించుకున్నవాళ్లు కూడా సిగ్గు విడిచి వచ్చి, "ఊరికే ఒకసారి వాసన చూడు మేస్త్రీ" అని అడిగేవారు. ఆయన చూసేవాడు. తనకేం గర్వం లేదని కూడా చెప్పుకునేవాడు. ఆ మాట మాత్రం ఎవరూ నమ్మలేదు.

రెండు నెలల కిందట ఆయనకు జ్వరం వచ్చింది. వారం రోజులు పడుకోబెట్టి, పోతూ పోతూ ముక్కును వెంట తీసుకుపోయింది.

మంచం దిగి షెడ్డుకు వచ్చిన రోజు, డబ్బాలో ఉన్నది కిరోసినో పెట్రోలో చూద్దామని మూత తీశాడు. ఏమీ లేదు. సబ్బు వాసన చూశాడు, చెప్పు వాసన చూశాడు, చివరికి అటూ ఇటూ చూసి తన చంక వాసన చూసుకున్నాడు. ప్రపంచమంతా శుభ్రంగా ఉంది. జలుబు తగ్గితే వస్తుందిలే అనుకున్నాడు. జలుబు తగ్గింది. వాసన రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పేరు గొప్ప ఊరు దిబ్బ అని నవ్వుతారు. ఇరవై తొమ్మిదేళ్లుగా సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. అది పోతే ఈ వీధిలో తను ఇంకో రేకుల షెడ్డు, ఇంకో మసి చొక్కా, అంతే. అందుకే చుట్టు తిరగడం మానలేదు. వంగేవాడు, గట్టిగా గాలి పీల్చేవాడు, తల ఊపేవాడు. జనం మునుపటికన్నా ఎక్కువ తృప్తిగా వెళ్లేవారు, ఎందుకంటే ఇప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు చూస్తున్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది పోస్టు మాస్టారి బండి. మాస్టారు ఉద్యోగం దిగి ఎనిమిదేళ్లయింది కానీ బండి మాత్రం దిగలేదు.

"కిలోమీటరు నడుస్తుంది. ఆగి ఆలోచిస్తుంది. మళ్లీ నడుస్తుంది" అన్నారాయన.

"ఆలోచించేది బండి కాదు మాస్టారూ, జెట్టు. ట్యాంకులో తుప్పు దిగి అడ్డం పడుతోంది" అన్నాడు మేస్త్రి. దీనికి ముక్కు అక్కర్లేదు.

ట్యాంకు విప్పి, గుప్పెడు చిన్న నట్లు, అర లీటరు కిరోసిను పోసి గంటసేపు ఆడించాడు. పాత చొక్కా గుడ్డలో వడకడితే టీ డికాక్షన్ లాంటిది కారింది. కార్బురేటర్ విప్పి జెట్టు సన్న బెజ్జంలో రాగి తీగ పోగు దూర్చాడు. పెట్రోలులో తేలే ఫ్లోటును చెవి దగ్గర ఊపి, లోపల పెట్రోలు దూరలేదని నిర్ధారించుకున్నాడు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

మిగిలింది ట్యాంకుకీ పెట్రోలు ట్యాపుకీ మధ్య, పెట్రోలు కారకుండా వేసే రబ్బరు వాషర్. అది అరిగి బిళ్లలా గట్టిపడింది. డబ్బాలో కొత్తది ఉంది. కానీ వాషర్‌ను తిరగేసి వేస్తే ఇంకో ఏడాది వస్తుందనేది ఆయన నమ్మకం. ఆ లెక్క ఇన్నాళ్లూ ఎందుకు తప్పలేదంటే, పట్టకపోతే అయిదు నిమిషాల్లో ముక్కు చెప్పేసేది. వెంటనే విప్పి కొత్తది వేసేవాడు. ఇప్పుడు చేతులు పాత అలవాటు ప్రకారం తిరగేశాయి. చెప్పాల్సిన ముక్కు నోరెత్తలేదు.

మేస్త్రి చుట్టు తిరిగాడు. తల ఊపాడు. మాస్టారు పిల్లాడిలా సంబరపడి బండెక్కి వెళ్లిపోయారు.

పావుగంట తర్వాత మేస్త్రి భార్య భోజనం క్యారియరు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగింది.

"పెట్రోలు ఎక్కడ ఒలకబోశారు? గుమ్మం దాకా కొడుతోంది."

"కిరోసినులే. ట్యాంకు కడిగాను."

"కిరోసినుకీ పెట్రోలుకీ తేడా తెలీదా నాకు? ఎవరి పెళ్లాన్ని అనుకున్నారు?"

మాస్టారి బండి నిలబెట్టిన చోట అరచేతంత తడి ఉంది. మేస్త్రి ఇందాకే చూశాడు, కడిగిన కిరోసినే అనుకున్నాడు. ఇప్పుడు వేలు ముంచాడు. వేలు చల్లబడి, చూస్తుండగానే ఆరిపోయింది. కిరోసిను అలా ఆరదు.

మాస్టారు బండిని బయట పెట్టరు, ముందు గదిలో పెట్టుకుంటారు. ఆ గదికి వెనకాలే వంటిల్లు. వేళ పన్నెండున్నర. మాస్టారికి ఫోను ఉంది కానీ పోతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మేస్త్రి మూడుసార్లు చేశాడు. బీరువాలో మూడుసార్లు మోగి ఉంటుంది.

కొత్త వాషర్, స్పానరు జేబులో వేసుకుని, షెడ్డులో నడిచే స్థితిలో ఉన్న ఒకే ఒక్క స్కూటరు తీశాడు. "నేనూ వస్తా" అని భార్య వెనకెక్కబోయి, ఆగి స్కూటరు వాసన చూసి, అప్పుడు ఎక్కింది.

రెండో మలుపులో ఆయన చెప్పేశాడు. "నాకు వాసన తెలీడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచి."

ఆవిడ ఆయన భుజం మీంచి ముందుకు వంగింది. "అందుకేనా రెండు నెలలుగా నా కూరకి వంక పెట్టంది?" అంది.

"ఊఁ."

"నేనేమో మీకు మంచి బుద్ధి పుట్టిందనుకున్నా. అక్కకి కూడా ఫోను చేసి చెప్పా."

ఆయన స్కూటరు వేగం పెంచాడు.

తలుపు తీసింది మాస్టారే. ముందు గదిలో సోఫా పక్కన, పరిచిన పేపర్ల మీద బండి ఉంది. పేపరు మధ్యలో తడిసి నల్లబడింది. మేస్త్రి భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వంటింట్లోంచి మాస్టారి భార్య గ్యాసు లైటరు చేత్తో పట్టుకుని తొంగిచూసింది.

మేస్త్రి పరుగున వెళ్లి ఆ లైటరు లాక్కున్నాడు. పెద్దావిడ చేతిలోంచి వస్తువు లాక్కోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. బండిని వీధిలోకి తోశాడు. ఆడవాళ్లిద్దరూ కిటికీలన్నీ తెరిచారు.

"నేను చెబుతూనే ఉన్నా, పెట్రోలు కంపు కొడుతోందని" అంది మాస్టారి భార్య. "ఈయన వింటేనా? మేస్త్రి వాసన చూసి తలూపాడు, ఆయనకి రాని వాసన నీకెలా వస్తుందీ అన్నారు. నిజమే కాబోలు, నాదే భ్రమ కాబోలని పొయ్యి వెలిగించబోయా."

మాస్టారు ఏదో అనబోయారు. మేస్త్రి ఆగలేదు.

"అమ్మగారిదే నిజం మాస్టారూ. నా ముక్కు పోయింది. రెండు నెలలైంది. ఊరికే తలూపాను."

చెప్పాక సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. తిడితే బాగుండునని అనిపించింది. మాస్టారు తిట్టలేదు. సోఫాలో కూర్చుని, బండి ఉన్న చోటునీ వంటింటి గుమ్మాన్నీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయారు.

మేస్త్రి వీధిలోనే గొంతుక్కూర్చుని కొత్త వాషర్ వేశాడు. ట్యాపును తుడిచి, ఇంట్లో అడిగి తెచ్చిన సుద్దపొడి చల్లి, పావుగంట కాపలా కూర్చున్నాడు. పొడి తెల్లగానే ఉంది. ముక్కు చేసే పని సుద్దపొడి కూడా చేస్తుందని ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. సుద్దపొడితో పేరు రాదని వాడలేదు.

లేచి నిలబడితే పెద్దావిడ గుమ్మంలో ఉంది. "ఇలా ఇంకెన్ని బళ్లకి తలూపావు నాయనా?" అంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

"ముప్పై నాలుగు" అన్నాడు. రెండు నెలలుగా లెక్క పెట్టకుండా ఉందామని ఎంత ప్రయత్నించినా కుదరని అంకె అది.

భార్య అప్పటికే స్కూటరు దగ్గర నిలబడి ఉంది. "పదండి, దగ్గర్లో ఎవరున్నారు?" అంది.

ఆ ముప్పై నాలుగు బళ్లలో దగ్గర్లో ఉన్నది దర్జీది. మేస్త్రి అక్కడా అదే మాట చెప్పాడు. ఈసారి తడబడకుండా చెప్పాడు. దర్జీ మిషను ఆపి పగలబడి నవ్వాడు.

"ఊరుకో మేస్త్రీ, నీ ముక్కు సంగతి నాకు తెలీదా? మొన్న మా ఆవిడ కూడా బండి దగ్గర ఏదో వాసనంటే కోప్పడ్డాను. పొద్దున్నే మా పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లా. నువ్వు చూసిన బండి కాబట్టి ధైర్యం."

మేస్త్రి గుమ్మం దాటి లోపలికి వెళ్లి, చేయి చాచాడు.

"నన్ను నమ్మకు బాబూ" అన్నాడు. "నీకు దణ్ణం పెడతా, నన్ను నమ్మకు. తాళంచెవి ఇవ్వు."