పాకెట్ అంచున వదిలేసిన బంతి

మా ఆయనకి పూల్ ఆటలో జోడీ దొరక్క, భీమవరం క్లబ్బుకి తీసుకెళ్లి నాకే ఆట నేర్పారు. ఆ ఆదివారం ఆయనకి ఒక్క బంతీ, ఆ తర్వాత వేయాల్సిన నల్లబంతీ మిగిలాయి. నాకింకా మూడున్నాయి. అందులో ఒకటి బల్ల మూలనున్న పాకెట్ అంచున, ఊదితే పడేలా ఉంది.

"వేసెయ్, ఇంకా ఏంటి ఆలోచన?" అన్నారాయన.

అది పడితే ఆ పాకెట్ ఖాళీ అవుతుంది. ఆయన బంతికి దారి అదొక్కటే. అందుకే దాన్ని ముట్టుకోలేదు. ఇంకో బంతిని మెల్లగా కొట్టి, ఆయన కొట్టాల్సిన తెల్లబంతికి తన బంతి నేరుగా అందకుండా, దాన్ని నా మూడో బంతి వెనక దాచాను.

"ఇదేం ఆటే?"

"మీ వంతండి."

ఆయన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. కళ్లజోడు తుడుచుకున్నారు. చివరికి కొడితే తెల్లబంతి ఆయన బంతిని తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. ఫౌల్ కాబట్టి తెల్లబంతిని నాకు నచ్చినచోట పెట్టుకుని, మూడు బంతులూ, నల్లదీ వరసగా వేసేశాను.

మెట్ల దగ్గర ఆయన స్నేహితుడొకరు ఎదురై, ఎవరు గెలిచారని అడిగారు.

"మా ఆవిడేనండి. పాపం, పాకెట్ దగ్గరున్న బంతి తనకి కనబడలేదు," అన్నారు మా ఆయన.

నేను కారెక్కేదాకా నవ్వు ఆపుకున్నాను.